పీసీఓడీ ప్రొఫైల్‌లో లేని పరీక్ష

ఈ మధ్య ల్యాబులవాళ్ళు పంచే కరపత్రాల్లో, వాట్సాప్‌లో తిరిగే ఆఫర్లలో "పీసీఓడీ ప్రొఫైల్" అని ఒకటి తప్పకుండా ఉంటోంది. పీసీఓడీ అన్నా, పీసీఓఎస్ అన్నా ఒకటే: పీరియడ్స్ తప్పడం, మగ హార్మోన్లు పెరగడం, అండాశయాల్లో చిన్న చిన్న ఫాలికిల్స్ పేరుకోవడం కలగలిసిన సమస్య. పేర్లు కాస్త అటూ ఇటూ అయినా లోపలి సరుకు ఒకటే: అండాశయాన్ని నడిపించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, పాల హార్మోను ప్రొలాక్టిన్, మగ హార్మోను టెస్టోస్టెరాన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్. ఇంకాస్త ఖరీదైనదైతే అండాల నిల్వను చూపే ఏఎంహెచ్, ఫాస్టింగ్ ఇన్సులిన్ కూడా. గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే షుగర్ పరీక్ష (ఓజీటీటీ) మాత్రం ఎక్కడో గానీ కనబడదు. కొలెస్ట్రాల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నడుము కొలిచే టేపు, బీపీ మిషను ఊసే ఉండదు. వాటికి బిల్లు వేయలేరు కదా.

నా వాదన ముందే చెప్పేస్తాను. పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి హార్మోన్ల పరీక్షలు రోగమేదో తేల్చుకోవడానికి ఒకసారి పనికొస్తాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కనిపెట్టి చూడాల్సింది షుగరు, ట్రైగ్లిజరైడ్లనే రక్తంలోని కొవ్వు, బీపీ, నడుము చుట్టుకొలత. మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. ఎల్‌హెచ్ ఆర్నెల్లకోసారి మళ్ళీ చేయిస్తారు. షుగర్ సంగతెత్తితే మాత్రం "పాతికేళ్ళ పిల్లకి షుగరేంటి" అంటారు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ ముందుండి 2023లో తెచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా పీసీఓఎస్ అని తేలగానే, సన్నగా ఉన్నా లావుగా ఉన్నా, షుగరూ లిపిడ్లూ (రక్తంలోని కొవ్వులు) చూడమనీ, బీపీ ఏటా కొలవమనీ చెబుతున్నాయి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ నిష్పత్తికి రోగం తేల్చడానికి అవి పెట్టిన ప్రమాణాల్లో చోటే లేదు. 2003 నాటి రోటర్‌డామ్ ప్రమాణాల్లోనూ లేదు.

"నార్మల్" అని వచ్చే టెస్టోస్టెరాన్

హార్మోన్ల గొడవ వేరు, షుగరు గొడవ వేరు అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోతే క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ పంపుతుంది. కండరం మొండికేసినా అండాశయం మొండికేయదు. అందులోని థీకా కణాల మీద ఇన్సులిన్ బాగానే పనిచేస్తుంది, ఎల్‌హెచ్‌తో కలిసి వాటి చేత ఆండ్రోజన్లు (టెస్టోస్టెరాన్ లాంటి మగ హార్మోన్లు) ఎక్కువగా తయారు చేయిస్తుంది. ఇది ఒక దెబ్బ. రెండోది కాలేయం దగ్గర. రక్తంలో టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను తయారుచేసేది కాలేయం. ఇన్సులిన్ పెరిగితే ఆ ప్రొటీన్ తగ్గుతుంది, విడిగా తిరిగే టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. గడ్డం కింద వెంట్రుకలకు, మొటిమలకు, నడినెత్తిన జుట్టు పలచబడడానికి కారణం ఆ విడిగా తిరిగేదే.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. ఇద్దరికి టోటల్ టెస్టోస్టెరాన్ 45 నానోగ్రాములే వచ్చిందనుకోండి. రిపోర్టులో ఇద్దరూ నార్మల్. దాన్ని 28.8తో భాగిస్తే సుమారు 1.56 నానోమోల్స్ అవుతుంది. దాన్ని వందతో గుణించి ఎస్‌హెచ్‌బీజీతో భాగిస్తే వచ్చేది ఫ్రీ ఆండ్రోజన్ ఇండెక్స్. ఎస్‌హెచ్‌బీజీ 60 ఉన్నామెకు ఇది 2.6, 18 ఉన్నామెకు 8.7. ల్యాబును బట్టి కాస్త మారినా, 5 దాటితే ఎక్కువ కిందే లెక్క. మొదటామెకూ రెండోఆమెకూ మూడింతల పైచిలుకు తేడా ఉంది, ప్యాకేజీ రిపోర్టు మాత్రం ఇద్దరికీ ఒకే మాట చెప్పి పంపింది. హార్మోన్ల పట్టికలో షుగర్ సంగతి కూడా పట్టిచ్చేది ఈ ఎస్‌హెచ్‌బీజీ ఒక్కటే. చౌక ప్యాకేజీల్లో లేనిదీ అదే.

రక్తం తీసే ముందు అడగని ప్రశ్నలు

హార్మోన్ పరీక్షలంటే నాకు చులకన లేదు. అయితే అవి చాలా సులువుగా చెడిపోతాయి, చెడిపోయాయని రిపోర్టు చూస్తే తెలియదు.

మొదటిది, గర్భనిరోధక మాత్రలు. పీరియడ్స్ రావడానికని వీటిని ఏడాదిగా వాడుతూ మధ్యలో టెస్టోస్టెరాన్ చేయిస్తే వచ్చే అంకె మాత్రలది, మనిషిది కాదు. ఆ మాత్రలు ఎల్‌హెచ్‌ను అణుస్తాయి, ఎస్‌హెచ్‌బీజీని పెంచుతాయి. ఆండ్రోజన్లు నిజంగా తెలియాలంటే కనీసం మూడు నెలలు ఆపి చూడాలి. పెళ్ళయినవాళ్ళయితే ఆ మూడు నెలలూ గర్భం రాకుండా వేరే ఏర్పాటు ఉండాలి, ఈ సంగతి ఎవరూ గుర్తు చేయరు.

రెండోది బయోటిన్. జుట్టు ఊడుతోందని పీసీఓఎస్ అమ్మాయిలు మొదట కొనేది ఇదే. పది మిల్లీగ్రాముల మాత్రలు చీటీ లేకుండా దొరుకుతాయి. చాలా ల్యాబు మిషన్లు హార్మోన్లను కొలిచే పద్ధతిలోనే బయోటిన్ ఒక భాగం. ఒంట్లో బయోటిన్ ఎక్కువుంటే ఆ మిషన్లలో టెస్టోస్టెరాన్ లేనంత ఎక్కువగానూ, టీఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, ఇన్సులిన్ ఉన్నదానికంటే తక్కువగానూ కనిపించవచ్చు. అంటే జుట్టు కోసం మింగిన మాత్ర, జుట్టు ఎందుకు ఊడుతోందో తేల్చే పరీక్షనే పాడు చేస్తుంది. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీని గురించి హెచ్చరిక కూడా చేసింది. రెండు మూడు రోజుల ముందు నుంచి ఆపితే చాలు. కానీ రక్తం తీసే కుర్రాడు "ఏమైనా తిన్నారా" అని అడుగుతాడు గానీ "జుట్టుకేమైనా వాడుతున్నారా" అని అడగడు.

ప్రొలాక్టిన్ సూది భయానికే పెరుగుతుంది, నిద్ర లేవగానే తీస్తే కూడా. కొంచెం ఎక్కువ వచ్చిందని వెంటనే మెదడు ఎమ్మారైకి పరుగెత్తకుండా, లేచాక రెండు మూడు గంటలాగి, కాసేపు ప్రశాంతంగా కూర్చుని మళ్ళీ ఇవ్వడం మంచిది. 17-ఓహెచ్ ప్రొజెస్టరాన్ ఉదయం పూట, పీరియడ్ మొదలైన రెండో రోజుకూ ఐదో రోజుకూ మధ్య తీయాలి. అది 2 నానోగ్రాముల లోపుంటే పీసీఓఎస్‌లాగే కనబడే, పుట్టుకతో వచ్చే అడ్రినల్ గ్రంథి జబ్బు కాదని చాలావరకు నమ్మవచ్చు.

ఏఎంహెచ్ సంగతి కొంచెం తిరకాసు. 2023 మార్గదర్శకాలు పెద్దవాళ్ళలో స్కానింగ్‌కు బదులుగా దీన్ని ఒప్పుకున్నాయి. టీనేజీ పిల్లల్లో మాత్రం వద్దన్నాయి, ఆ వయసులో అది మామూలుగానే ఎక్కువుంటుంది. పైగా పీరియడ్స్ తప్పుతూ, అవాంఛిత రోమాలూ ఉండి, థైరాయిడ్ లాంటి వేరే కారణాలు లేవని తేలితే ఏఎంహెచ్ అక్కర్లేదు, స్కాన్ కూడా అక్కర్లేదు. ఫాస్టింగ్ ఇన్సులిన్ గురించి ఒక్క మాట: మామూలు వైద్యంలో దాన్ని కొలిచి ప్రయోజనం లేదనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ డబ్బు గ్లూకోజు పరీక్షకు పెట్టండి.

ఇడ్లీ తిని చేయించుకునే పరీక్ష కాదు

ఓజీటీటీ రాయించుకుని వెళ్ళినా చాలాచోట్ల జరిగేది వేరు. పరగడుపున ఒకసారి రక్తం తీసి, "టిఫిన్ చేసి రెండు గంటలకు రండి" అంటారు. అది పీపీబీఎస్, అంటే తిన్న తర్వాత చూసే షుగరు. నాలుగిడ్లీలు తిన్నామెకూ, ఒక ఇడ్లీ తిని "టెస్టుంది కదా" అని ఆపేసినామెకూ ఒకే కొలబద్ద ఎలా పెడతాం? షుగర్ వ్యాధి ఉన్నవాళ్ళకు మందు పనిచేస్తోందో లేదో చూడడానికి అది పనికొస్తుంది, రాబోయే షుగర్‌ను పట్టుకోవడానికి కాదు.

అసలు పద్ధతి ఇది. రాత్రి భోజనం తర్వాత ఎనిమిది నుంచి పది గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఉదయం ఒకసారి రక్తం తీస్తారు. తర్వాత 75 గ్రాముల నిర్జల గ్లూకోజును 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఐదు నిమిషాల్లో తాగేయాలి. పొడి మోనోహైడ్రేట్ రకమైతే 82.5 గ్రాములు వేయాలి, ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది. ఇంట్లో డబ్బాలోంచి చెంచాలతో లెక్కేసి కలిపింది చెల్లదు. మొదటి గుక్క నుంచి టైము లెక్క. రెండు గంటలూ అక్కడే కూర్చోవాలి, ఈలోగా బజారు పని చూసుకొస్తానంటే ఆ నడకకే షుగరు కొంత ఖర్చైపోతుంది. మధ్యలో వాంతి అయితే ఆ పరీక్ష అక్కడితో ఆపేసి ఇంకో రోజు చేయాలి.

ఇంకో చిక్కు పరీక్షకు మూడు రోజుల ముందే మొదలవుతుంది. బరువు తగ్గాలని అన్నం పూర్తిగా మానేసినవాళ్ళు ఆ ఊపులోనే పరీక్షకు వెళితే, పిండిపదార్థం అలవాటు తప్పిన ఒళ్ళు గ్లూకోజును తట్టుకోలేక అంకె అబద్ధంగా పెరుగుతుంది. ముందు మూడు రోజులూ రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థం అందేలా మామూలుగా తినాలి. అంటే మన ఇళ్ళలో రెండు పూటలా అన్నం తిని, పొద్దున టిఫిన్ చేస్తే దాటిపోతుంది.

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే పద్ధతిలో మరో లోపం ఉంది. మందు కలపని మామూలు ట్యూబులో రక్తం అలాగే ఉండిపోతే, అందులోని కణాలే గ్లూకోజును తినేస్తాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం. ఏడింటికి తీసిన రక్తం బండి మీద నాలుగు వీధులు తిరిగి పదింటికి ల్యాబు చేరితే, 105 కాస్తా 90 అయి కూర్చుంటుంది. షుగరుకు బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబు వాడుతున్నారో లేదో చూడండి. ఫ్లోరైడ్ కూడా పూర్తిగా పనిచేయడానికి గంటో రెండు గంటలో పడుతుంది కాబట్టి, ల్యాబుకే వెళ్ళి ఇవ్వడం మేలు.

రెండు గంటల అంకె 140 లోపుంటే నార్మల్. 140 నుంచి 199 దాకా ప్రీడయాబెటిస్. 200, ఆపైన షుగర్ వ్యాధే. పీసీఓఎస్‌లో తరచు జరిగేది ఏమిటంటే పరగడుపున 92, రెండు గంటలకు 158. ఫాస్టింగ్ ఒక్కటే చేయించినామె నిశ్చింతగా ఇంటికెళ్ళిపోతుంది.

"ఇంత తంటా ఎందుకు, హెచ్‌బీఏ1సీ చేయిస్తే సరిపోదా" అనేది న్యాయమైన ప్రశ్నే; అది సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష. ఓజీటీటీ కుదరనప్పుడు అదే చేయించమంటారు, ఏమీ చేయించకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టి కొత్త రక్తం పడుతుంటే, లేదా బాగా రక్తస్రావమైతే తక్కువ చూపిస్తుంది. మూడు నెలలు పీరియడ్ రాక, వచ్చినప్పుడు పదిహేను రోజులు ఆగని అమ్మాయి హెచ్‌బీఏ1సీని హిమోగ్లోబిన్ చూడకుండా నమ్మలేం.

స్కాన్ రిపోర్టులో పై లైను

కడుపు స్కాన్ రిపోర్టు చివర "ఇంప్రెషన్" అని ఉంటుంది. చాలామంది పీసీఓఎస్ అమ్మాయిల రిపోర్టుల్లో అక్కడ రెండు లైన్లుంటాయి. పైది "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్". కిందది "బల్కీ ఓవరీస్ విత్ మల్టిపుల్ పెరిఫెరల్ ఫాలికిల్స్". కింది లైనుకు ఇల్లంతా తల్లడిల్లిపోతుంది, పెళ్ళి సంబంధాల దాకా ఆలోచనలు వెళతాయి. పై లైను "అది అందరికీ ఉండేదేలే" అయిపోతుంది. నన్నడిగితే ఆ రెండింట్లో కంగారు పడాల్సింది పై లైనుకే. ఆ ఫాలికిల్స్ నీటి తిత్తులు కావు, ఎదగకుండా ఆగిపోయిన అండాల సంచులు. వాటిని తీయించాల్సిన పనిలేదు. కాలేయంలో కొవ్వు మాత్రం ఇన్సులిన్ పని చెడిందనడానికి రాతపూర్వక సాక్ష్యం.

స్కాన్ మీద మోజు లెక్కలనే మార్చేస్తుంది. 2024లో వెలువడిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనంలో, స్కాన్‌ను లెక్కలోకి తీసుకోని పాత ఎన్‌ఐహెచ్ ప్రమాణంతో 7.2 శాతం మందికి పీసీఓఎస్ తేలితే, స్కాన్ కూడా కలిపిన రోటర్‌డామ్ ప్రమాణంతో అదే 19.6 శాతమైంది. ఇక్కడ నా వాదనకు ఎదురొచ్చే మాట ఒకటుంది. ఆండ్రోజన్లు ఎక్కువ లేకుండా, పీరియడ్స్ తేడా, స్కాన్ తేడా మాత్రమే ఉన్నవాళ్ళకు షుగర్ ముప్పు మిగతావాళ్ళంత ఉండదు. అందరినీ ఒకే గాటన కట్టి భయపెట్టడం న్యాయం కాదు. ఒప్పుకుంటాను. అయినా ఒకసారి గ్లూకోజు పరీక్ష చేసి, బాగుంటే మూడేళ్ళ దాకా ఊరుకోవచ్చు. ముప్పు ఎక్కువున్నవాళ్ళకు ఏడాదికోసారి.

స్కాన్ కంటే ముందే కనబడే గుర్తు ఇంకొకటుంది, మెడ వెనక నలుపు. శనగపిండి, నిమ్మచెక్క పెట్టి అమ్మలు రుద్దిందే రుద్దుతారు, స్నానం సరిగా చేయట్లేదని తిడతారు కూడా. అది మురికి కాదు, ఎక్కువైన ఇన్సులిన్‌కు చర్మం మందమైన తీరు. పక్కనే చిన్న చిన్న పులిపిర్లలాంటివి కూడా ఉంటే అనుమానమే అక్కర్లేదు. రుద్దితే ఇంకా నల్లబడుతుంది.

"బరువు తగ్గి రా" అనడం వైద్యం కాదు

ఈ షుగరు వాదనకు ఒక చెడ్డ ముఖం ఉంది. మెటబాలిజం అనగానే చాలా క్లినిక్కుల్లో అది "బరువు తగ్గి రా" అనే ఒక్క ముక్కకు కుదించుకుపోతుంది. గడ్డానికి రెండు రోజులకోసారి థ్రెడింగ్ చేయించుకోకుండా కాలేజీకి వెళ్ళలేని పద్దెనిమిదేళ్ళ పిల్లకు, నలభై ఏళ్ళకు వచ్చే షుగర్ గురించి ఉపన్యాసమిస్తే ఏం లాభం? ఆమె బాధ ఇవాళ్టిది. దానికి మాత్రలున్నాయి, లేజరుంది. మాత్రలతో రోమాలు తగ్గడానికి ఆరు నెలలైనా పడుతుందని ముందే చెప్పి వైద్యం చేయాలి. సన్నగా ఉన్నవాళ్ళకైతే ఇంకో అన్యాయం, "నీకేం, సన్నగానే ఉన్నావుగా" అని అసలు పరీక్షలే రాయరు.

అలాగే హార్మోన్లను తప్పక చూడాల్సిన సందర్భాలున్నాయి. కొద్ది నెలల్లోనే ముఖం మీద వెంట్రుకలు ఉధృతంగా పెరిగి, గొంతు బొంగురుపోతే అది పీసీఓఎస్ తీరు కాదు. టోటల్ టెస్టోస్టెరాన్ 150, 200 దాటితే అండాశయంలోనో అడ్రినల్‌లోనో గడ్డ ఉందేమో వెతకాలి.

బరువు కంటే నడుము కొలత నిజం చెబుతుంది. టేపు పెట్టాల్సింది లంగా బొందు కట్టుకునే చోట కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక. మన ఆడవాళ్ళకు హద్దు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. వారానికి 150 నిమిషాల చురుకైన నడకతో పాటు, వరుసగా కాకుండా రెండు రోజులు కండరాలకు బరువు పడే వ్యాయామం ఉండాలి. తిన్న గ్లూకోజులో ఎక్కువ భాగం వెళ్ళాల్సిన చోటు కండరమే కాబట్టి, కాటా మీద కిలో కదలకపోయినా ఇన్సులిన్ పని మెరుగుపడుతుంది. ఇక తిండి విషయంలో ఫలానా డైటే గొప్పదని ఇంతవరకు తేలలేదు. అన్నం మానేసి పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగి జావ తాగి షుగర్‌కు మంచిదనుకోవడం మాత్రం భ్రమ. మెత్తటి పిండి పట్టించి, ఉడికించి, జారుగా కాస్తే ఏ ధాన్యమైనా గబగబా అరుగుతుంది.

మాత్ర ఏం చేస్తుంది, ఏం చేయదు

గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే నెలనెలా పీరియడ్ క్రమం తప్పకుండా వస్తుంది. "తగ్గిపోయింది" అనుకుంటారు. అది మాత్ర ఆపిన ఆ కొద్ది రోజుల్లో వచ్చే రక్తస్రావం, అండం విడుదలై వచ్చింది కాదు. ఆ మాత్ర మొటిమలకు, రోమాలకు పనిచేస్తుంది, గర్భాశయం లోపలి పొర మందం కాకుండా కాపాడుతుంది. ఇది చిన్న విషయం కాదు. తొంభై రోజులు దాటినా పీరియడ్ రాని స్థితి పదే పదే వస్తుంటే, ఆ పొర పేరుకుని ముందు ముందు క్యాన్సర్ దాకా పోవచ్చు కాబట్టి మాత్రతోనో, ప్రొజెస్టరాన్ కోర్సుతోనో తెప్పించాలి. కానీ షుగర్‌కు ఆ మాత్ర చేసే మేలేమీ లేదు. ట్రైగ్లిజరైడ్లను కొంత పెంచవచ్చు కూడా.

ఇన్సులిన్ పనిని మెరుగుపరిచే మెట్‌ఫార్మిన్ లెక్క వేరు. భోజనంతో 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం రెండు వారాలకోసారి 500 పెంచుకుంటూ పోతారు. మొదటి రోజే వెయ్యి మింగి, విరేచనాలు పట్టుకుని, "నాకు పడదు" అని మానేసినవాళ్ళే ఎక్కువ. నెమ్మదిగా పనిచేసే ఎక్స్‌ఆర్ రకంతో ఈ బాధ తగ్గుతుంది. ఏళ్ళ తరబడి వాడితే బీ12 పడిపోవచ్చు, శాకాహారులు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. పీసీఓఎస్‌కని అమ్మే ఇనోసిటాల్ పొట్లాల వల్ల పెద్ద హాని లేదు, బలమైన రుజువులూ లేవు.

ఫైలు మూసేసే వయసు

పీసీఓఎస్ ఉన్నవాళ్ళు గర్భం దాల్చితే 24-28 వారాల్లోనే కాదు, వీలైతే గర్భానికి ముందే గ్లూకోజు పరీక్ష చేయించాలి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళకు కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల పరీక్ష మళ్ళీ ఉంది. మన దగ్గర ఎక్కువగా జారిపోయేది ఇదే, ఆ సమయంలో బాలింత పుట్టింట్లో ఉంటుంది, ఫైలేమో అత్తారింటి ఊరి ఆసుపత్రిలో ఉంటుంది. బిడ్డకు టీకాలు 6, 10, 14 వారాలకు. బిడ్డను ఎవరో ఒకరు ఎత్తుకుని ఎలాగూ వెళతారు, పదో వారం టీకా రోజునే తల్లి పరగడుపున వెళితే రెండు పనులూ అయిపోతాయి.

ముప్పై ఐదు దాటాక చాలామందికి పీరియడ్స్ వాటంతటవే సర్దుకుంటాయి. ఆండ్రోజన్లు తగ్గుతాయి, ఏఎంహెచ్ దిగుతుంది. హార్మోన్ల ప్యాకేజీ చేయిస్తే రిపోర్టు శుభ్రంగా వస్తుంది. గైనకాలజిస్టుతో పని తీరిపోతుంది. ఇన్సులిన్ సంగతి మాత్రం వయసుతో బాగుపడదు, బరువుతో పాటు ముదురుతుంది. పీసీఓఎస్ వల్ల గుండెపోట్లు ఎంత పెరుగుతాయన్న దానిపై ఇంకా చర్చ నడుస్తోంది, షుగర్ పెరుగుతుందన్న దాంట్లో చర్చ లేదు. సరిగ్గా అప్పుడే ఆమెను చూసే డాక్టరు మారిపోతాడు. కొత్త డాక్టరు షుగర్ ఉందా, బీపీ ఉందా, థైరాయిడ్ ఉందా అని అడుగుతాడు. ఇరవైల్లో పీరియడ్స్ ఎలా ఉండేవని అడగడు. కాబట్టి ఆ మాట ఆమే చెప్పాలి, చెప్పి ఓజీటీటీ రాయమనాలి.